పిండికట్లు ఆరు వారాలు, బూట్లు నాలుగేళ్లు

ప్రశ్న: మాది సంతబొమ్మాళి మండలం. నాకు బాబు పుట్టి 19 రోజులైంది, పెద్దాపరేషను. బాబు కుడి పాదం లోపలికి మెలితిరిగి, అరికాలు పక్కకి చూస్తున్నట్టు ఉంది. పుట్టిన చోట పిల్లల డాక్టరు క్లబ్‌ఫుట్ అన్నారు, వెంటనే వారం వారం పిండికట్లు మొదలుపెట్టమన్నారు. మా అన్నయ్య ఇంకో డాక్టరుకి ఫొటో పంపిస్తే, ఏడాది నిండాక ఆపరేషను చేస్తే ఒక్కసారితో అయిపోతుందన్నారట. మా అత్తగారేమో ఎముక లేతగా ఉంది, ఆముదం రాసి రోజూ నీళ్లు పోసేటప్పుడు సాగదీస్తే అదే తిరుగుతుంది, మూడో నెల దాకా గడప దాటించొద్దంటున్నారు. గ్రహణం నాడు నేను కూరగాయలు తరిగాననీ అంటున్నారు. మా ఆయన గుజరాత్‌లో వేరావల్‌లో చేపల బోటు మీద ఉన్నారు. ఫోను చేస్తే మీరే తేల్చుకోండి అంటున్నారు. ఎవరి మాట వినాలి? బాబు నడుస్తాడా?

జవాబు: అమ్మా, చివర అడిగినదానికి ముందు చెప్తాం. బాబు నడుస్తాడు. పరిగెడతాడు, కబడ్డీ ఆడతాడు, పెద్దయ్యాక నాన్నలా బోటు ఎక్కుతానంటే ఎక్కుతాడు. వేరే జబ్బేమీ లేకుండా పాదం ఒక్కటే ఇలా ఉన్న పిల్లల్లో, సరైన పద్ధతిలో పిండికట్లు వేసి తర్వాత బూట్లు మానకుండా తొడిగితే, దాదాపు అందరికీ అరికాలు నేలకి చదునుగా ఆనుతుంది. ఇదేమీ మీ ఇంటికే వచ్చిన వింత కాదు. వెయ్యి కాన్పుల్లో ఒకరికి అటూ ఇటూగా వస్తుంది, ఆడపిల్లల కంటే మగపిల్లల్లో రెట్టింపు.

పిల్లల డాక్టరు మాట వినండి. పిండికట్లు వెయ్యాలి, ఇప్పుడే మొదలుపెట్టాలి. అలాగని ఈ రాత్రికి రాత్రే పరిగెత్తాల్సినంత అత్యవసరమూ కాదు. 19 రోజులకి ఏమీ ఆలస్యం కాలేదు, ఈ వారంలో మొదలుపెడితే చాలు. బాబుకి కామెర్లు, జ్వరం, పాలు తాగకపోవడం లాంటివేమైనా ఉంటే ముందు అవి చూపించండి, పాదం నాలుగు రోజులు ఆగుతుంది.

అత్తగారి మాటలో ఒక ముక్క నిజం. ఎముక లేతదే. ఈ వయసులో పాదంలో చాలా భాగం ఇంకా గట్టిపడని మృదువైన ఎముకే, పిండికట్టు పనిచేసేది కూడా ఆ లేతదనం వల్లే. ఆవిడతో ఈ మాటే చెప్పండి, వింటారు. తేడా ఎక్కడంటే, నీళ్లు పోసేటప్పుడు చేత్తో పది నిమిషాలు సాగదీస్తే మిగతా రోజంతా పాదం మళ్లీ తన పాత మెలికలోకే పోతుంది. కట్టు అయితే సాగినంత మేర వారమంతా పట్టి ఉంచుతుంది. ఆలోపు బిగుసుకున్న కండరాలు కొంచెం వదులవుతాయి, లేత ఎముక కొత్త ఆకారానికి అలవాటుపడుతుంది. వచ్చే వారం ఇంకొంచెం.

ఇంకో సంగతి, ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. పాదంలో మెలికలు నాలుగున్నాయి. అరికాలి మధ్య గుంట ఎక్కువ, పాదం ముందు భాగం లోపలికి, మడమ లోపలికి, ఆపైన మడమ మొత్తం పైకి లాక్కుపోయి ఉండటం. ఈ నాలుగింటినీ ఒక వరసలో విడిపించాలి, పైకి లాగిన మడమని చివర్లో దించాలి. ఇంట్లో అందరికీ చూడగానే తోచేది పాదాన్ని ముందు నుంచి పట్టుకుని పైకి, బయటికి తోయడం. వెనక మడమ ఇంకా బిగుసుకుని ఉండగా అలా తోస్తే మడమ దగ్గర ఏమీ కదలదు, పాదం మధ్యలో వంగిపోతుంది. అరికాలు పడవ అడుగులా బయటికి ఉబ్బుతుంది. పైకి చూస్తే తిరిగినట్టే ఉంటుంది, లోపల కొత్త వంకర చేరుతుంది. అందుకే ఈ కాలికి ఆముదం మర్దనా వద్దు, కట్లు కట్టే నాటు వైద్యుడి దగ్గరికీ వద్దు. ఎడమ కాలికి, వంటికి అత్తగారు రాసుకోవచ్చు.

మీరే ఒకసారి చూడండి. బాబు పాలు తాగి నిద్రపోయాక కుడి మడమని వేలి కొసతో మెల్లగా నొక్కండి. తర్వాత మీ గడ్డం నొక్కుకోండి, ఎముక తగులుతుంది. ముక్కు కొస నొక్కుకోండి, కొంచెం గట్టిగా ఉంటుంది. బుగ్గ నొక్కుకోండి, వేలు మెత్తగా లోపలికి పోతుంది. మామూలు మడమ గడ్డంలా తగలాలి. వంకర పాదం మడమ బుగ్గలా ఖాళీగా తగులుతుంది, మడమ ఎముక అక్కడ లేదు, పైకి లాక్కుపోయి ఉంది కాబట్టి. డాక్టర్లు పిరానీ స్కోరు అని వేస్తారే, అందులో చూసే 6 గుర్తుల్లో ఇదొకటి. ఒక్కో గుర్తుకి 0, అర, లేదా 1. మొత్తం 6 వస్తే బాగా బిగుసుకున్న పాదం, 0 వస్తే మామూలు పాదం. వెళ్లిన ప్రతిసారీ ఆ అంకె చీటీ మీద రాయించుకోండి. వారం వారం తగ్గుతుంటే చికిత్స సరిగ్గా నడుస్తున్నట్టు. ఇంట్లో నలుగురికీ చూపించడానికి అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు.

ఇక ఏడాది ఆగి ఆపరేషను అన్న మాట. ఫొటో చూసి చెప్పిన సలహా అది, పాదం చేత్తో పట్టుకుని చూడకుండా ఎంత బిగుసుకుందో ఎవరూ చెప్పలేరు. ఒకప్పుడు పాదం లోపలి పక్క, వెనక పక్క బాగా తెరిచి బిగుసుకున్నవన్నీ వదులు చేసేవారు. అలా చేసిన పాదాలు చూడటానికి తిన్నగానే వస్తాయి. పెద్దయ్యేకొద్దీ చాలామందికి బిగుసుకుపోయి, నొప్పి పెడతాయి. స్పెయిన్‌లో పుట్టి అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఇగ్నాసియో పొన్సెటి అనే ఎముకల డాక్టరు, 1940ల చివర్లోనే దీనికి మారుగా పిండికట్ల పద్ధతి మొదలుపెట్టారు. ఆయన దగ్గర చికిత్స అయిన పిల్లల్ని 30 ఏళ్లు దాటాక పిలిచి చూసి 1995లో ఆ లెక్క అచ్చువేశారు. నూటికి 78 మంది పాదాలు బాగా పనిచేస్తున్నాయి. అదే కొలతతో, పుట్టుకతో ఏ వంకరా లేనివాళ్లని చూస్తే నూటికి 85. అంటే తేడా ఎంత తక్కువో చూడండి. ఇప్పుడు ప్రపంచమంతా మొదట చేసేది ఇదే. పెద్ద ఆపరేషను కట్లకి లొంగని కొద్ది పాదాలకే మిగిలింది. ఏడాది ఆగితే పోయేది ఇంకొకటి కూడా ఉంది: బాబు ఆ వంకర పాదం మీదే లేచి నిలబడతాడు, బయటి అంచు మీద బరువు వేస్తాడు, అప్పుడు కట్లు వేయాలన్నా ఎక్కువ పడతాయి.

ఎక్కడికి వెళ్లాలన్నది ఇప్పుడు. మీ అన్నయ్య విశాఖ అంటారేమో. మా అభిప్రాయం వేరు. ఈ చికిత్సలో ఆస్పత్రి పేరు కంటే రెండే ముఖ్యం, అక్కడ ఈ కట్లు వారం వారం క్రమంగా వేస్తున్నారా, మీరు ఒక్క వారమూ తప్పకుండా వెళ్లగలరా. కుట్లు ఇంకా పచ్చిగా ఉన్న బాలింత, 150 కిలోమీటర్లకు పైనే ఉన్న ఊరికి ఆరేడు వారాలు వరసగా వెళ్లి రావడం కష్టం, మూడో వారమే ఎవరో ఒకరు ఈసారికి ఆగుదాం అంటారు. ముందు శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి, మనం రిమ్స్ అనేది, అక్కడి ఎముకల విభాగంలో అడగండి. కట్లు వారంలో ఫలానా రోజే వేస్తారేమో ముందే ఫోనులో కనుక్కుంటే ఒక ప్రయాణం తప్పుతుంది. పుట్టుకతో వచ్చే లోపాలకి 2013లో కేంద్రం మొదలుపెట్టిన ఆర్‌బీఎస్‌కే కింద ఖర్చు లేకుండా వైద్యం చేయించే ఏర్పాటు ఉంది, అందులో వంకర పాదం పేరు ఉంది. మీ ఏఎన్‌ఎం దగ్గర బాబు పేరు రాయించండి, పిల్లల లోపాల్ని తొలి దశలోనే చూసే జిల్లా డీఈఐసీ కేంద్రానికి ఆమే చీటీ రాసి పంపిస్తారు. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర ఉంటారు, ఆధార్, రేషన్ కార్డు, డిశ్చార్జి కాగితం పట్టుకెళ్లి ఏది వర్తిస్తుందో అడగండి. కట్లు పడ్డా పాదం కదలడం లేదంటే అప్పుడు విశాఖలో కేజీహెచ్ పెద్దాస్పత్రి ఉంది.

డాక్టరుని నాలుగు మాటలు అడగండి, మొహమాటం వద్దు. పొన్సెటి పద్ధతిలోనే వేస్తారా? కట్టు తొడ దాకా వేస్తారా? వారానికోసారి మారుస్తారా? చివర్లో బూట్లు ఎక్కడ దొరుకుతాయి? రెండో ప్రశ్న చాలా ముఖ్యం. కట్టు కాలివేళ్ల నుంచి తొడ మొదలు దాకా ఉండాలి, మోకాలు 90 డిగ్రీలు వంచి. మోకాలి కింద దాకే వేసిన కట్టు పాదాన్ని బయటికి తిప్పి పట్టుకోలేదు, పైగా చిన్న పిల్లల కాలు గుండ్రంగా ఉంటుంది కాబట్టి జారిపోతుంది. మోకాలి కింద దాకా చాలంటే ఇంకో చోటు చూసుకోండి.

మొదటిసారి వెళ్లినప్పుడు పాదంతో పాటు వెన్నెముక మీద గుంట గానీ వెంట్రుకల కుచ్చు గానీ ఉందా, తుంటి కీళ్లు సరిగా ఉన్నాయా, మోకాళ్లు చేతులు మామూలుగా వంగుతున్నాయా అన్నది కూడా చూడమనండి. అవి బాగుంటే ఇది ఒట్టి పాదం సమస్యే. ఏదైనా తేడా ఉంటే ఎక్కువ కట్లు పడతాయి, మళ్లీ తిరగబెట్టే అవకాశమూ ఎక్కువ, అది ముందే తెలియాలి.

కట్టు వేసే రోజు బాబుకి బస్సులో పాలు పట్టేయకండి. కాస్త ఆకలి మీద ఉంచి, కట్టు వేసేటప్పుడు రొమ్ము అందించండి. తాగుతూ ఉంటే కాలు వదులుగా వదిలేస్తాడు. కాలు బిగబట్టి ఏడ్చే పిల్లాడికి కట్టు సరిగా కుదరదు, జారే కట్లు చాలావరకు ఇలాంటివే. ఒకరు పాదం పట్టుకుంటారు, ఒకరు పల్చగా దూది చుట్టి పిండిబట్ట చుడతారు. డాక్టరు బొటనవేలు ఎక్కడుందో గమనించండి. చీలమండకి బయటి పక్క, కొంచెం ముందు ఉబ్బెత్తుగా తగిలే ఎముక మీద ఆనించి, పాదం మొత్తాన్ని బయటికి తిప్పుతారు. మడమని పట్టి తిప్పరు. సాగదీయడం నొప్పి పుట్టించేంత గట్టిగా ఉండదు, బాబు ఏడ్చేది ఎక్కువగా కదలనివ్వనందుకు. మొదటి కట్టులో పాదం ఇంకా లోపలికి తిప్పినట్టు కనిపిస్తే కంగారు పడొద్దు, అరికాలి గుంట తీయడానికి బొటనవేలి వైపు పైకెత్తి వేసే కట్టు అది. చివరి కట్టుకి వచ్చేసరికి పాదం బయటికి 60, 70 డిగ్రీలు తిరిగి, ఇదేమిటి అటు తిప్పేశారు అనిపిస్తుంది. కావాలనే అంత తిప్పుతారు. వదిలాక కొంత వెనక్కి వస్తుంది కాబట్టి.

ఇలాంటివి సాధారణంగా 5 నుంచి 7 కట్లు. ఎనిమిది తొమ్మిది దాటినా స్కోరు తగ్గకపోతే ఎక్కడో తేడా ఉంది, అడగాలి.

కట్టు వేసుకుని ఇంటికొచ్చాక మొదటి రోజు జాగ్రత్త ఎక్కువ. పైకి గట్టిపడినా లోపల పూర్తిగా ఆరడానికి 24 గంటలు పడుతుంది. పిక్క కింద మెత్తటి బట్ట మడిచి పెట్టి, మడమ గాలిలో వేలాడేలా పడుకోబెట్టండి. పచ్చి కట్టులో మడమ చాప మీద ఒత్తుకుంటే లోపల నొక్కు పడి పుండవుతుంది. దుప్పటి కప్పొద్దు, ఫ్యాను గాలి చాలు. బాలింత గదిలో కుంపటి పెట్టే అలవాటుంటే కట్టు దాని దగ్గరికి తేవొద్దు, పైన ఆరినట్టుండి లోపల చెమ్మ ఉంటుంది, చర్మం కూడా కాలొచ్చు.

ఇప్పుడు అసలు కాపలా, వేళ్లు. మొదటి ఆరు గంటలు గంటకోసారి, తర్వాత రోజుకి నాలుగుసార్లు. బొటనవేలు నొక్కి వదలండి, తెల్లబడి రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగు రావాలి. నీలంగా, నల్లగా మారినా, చల్లబడినా, ఉబ్బినా, రంగు తిరిగి రాకపోయినా కట్టు బిగుసుకున్నట్టు. వెంటనే ఆస్పత్రికి ఫోను చేసి బయలుదేరండి. రాత్రి వేళ వెళ్లే దారి లేకపోతే ఆగకండి, కట్టుని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి మెత్తబడ్డాక కొస పట్టుకుని విప్పేయండి. ఒక వారం పని పోతుంది, అంతే, కాలు ముఖ్యం. విప్పినా రంగు రాకపోతే 108.

రెండో గుర్తు ఇంకా మోసపూరితం. మొదటి రోజు వేళ్లు ఎంత బయటికి కనిపిస్తున్నాయో ఫోనులో ఫొటో తీసుకోండి. రెండు రోజులకి వేళ్లు లోపలికి ముడుచుకుపోయినట్టు కనిపిస్తే వేళ్లు చిన్నబడలేదు, కట్టు కిందికి జారింది. ఇంట్లో అందరూ బాబు హాయిగానే ఉన్నాడుగా, వారం నిండనిద్దాం అంటారు. వద్దు. జారిన కట్టు మడమని పైకి తోసి, పాదాన్ని నలిపి, పొట్టిగా లావుగా చేస్తుంది, అరికాలికి అడ్డంగా లోతు గాడి పడుతుంది, బొటనవేలు పైకి లేస్తుంది. అలాంటి పాదానికి మామూలు కట్టు పనికిరాదు, వేరే తీరులో వెయ్యాలి. కాబట్టి జారితే ఆ రోజే వెళ్లాలి. కట్టులోంచి వాసన, అంచు దగ్గర ఎర్రగా ఒరిసిపోవడం, కారణం తెలియని జ్వరం, ఎంత పాలిచ్చినా ఆగని ఏడుపు, వీటికీ అంతే.

స్నానం ఈ వారాల్లో తడి గుడ్డతో తుడవడమే. అత్తగారు కాళ్లు చాపుకుని బాబుని వేసుకుని నీళ్లు పోసే ముచ్చట కట్టు మార్చే రోజుకి దాచుకోండి. పాత కట్టు తీశాక, కొత్తది వేసే ముందు కాలు సబ్బుతో కడగడానికి వీలుంటుంది. లంగోటీని కట్టు పై అంచు లోపల దూరనివ్వకుండా, బయట వదులుగా పెట్టి, తడిసిన వెంటనే మార్చండి. లోపలికి నూనె, పౌడరు, పసుపు ఏదీ వద్దు. దురదగా ఉందేమోనని పుల్ల కూడా పెట్టొద్దు. కట్టు ఇంటి దగ్గరే నానబెట్టి తీసుకురమ్మంటే ఆ రోజు పొద్దున్నే చెయ్యండి. ముందు రాత్రి తీసేస్తే తెల్లారేసరికి పాదం సగం వెనక్కి పోతుంది.

టీకాలు ఆపకండి. 6 వారాల టీకాల్లో పెంటావాలెంట్ ఎడమ తొడకి వేస్తారు, అడ్డులేదు. న్యుమోనియా రాకుండా వేసే పీసీవీ కుడి తొడకి, అది కట్టు కింద ఉంటుంది. ఎప్పుడు, ఎక్కడ వెయ్యాలో ఏఎన్‌ఎంతో, కట్టు వేసే డాక్టరుతో ముందే మాట్లాడుకుంటే సర్దుతారు.

కట్లయ్యాక పదిమందిలో ఎనిమిది తొమ్మిది మంది పిల్లలకి ఒక చిన్న కోత పడుతుంది. డాక్టరు మడమ వెనక నరం కొయ్యాలి అంటారు. ఆ మాటకి చాలా ఇళ్లలో గుండె ఆగినంత పనవుతుంది, నరం కోస్తే కాలు పడిపోదా అని. మన భాషలో రక్తనాళాన్నీ నరమే అంటాం, స్పర్శ తెచ్చేదాన్నీ నరమే అంటాం, కండని ఎముకకి కట్టి ఉంచే తాడునీ నరమే అంటాం. ఇక్కడ కోసేది మూడోది. పిక్క నుంచి మడమకి దిగే ఆ తాడు పొట్టిగా ఉండి మడమని దిగనివ్వడం లేదు. ఆ చోట మొద్దుబారే మందు ఇచ్చి, సన్నని బ్లేడుతో కొన్ని మిల్లీమీటర్ల గాటు పెట్టి తెంపుతారు. కుట్టు కూడా పడదు. వెంటనే చివరి కట్టు, 3 వారాలు. ఆ లోపు తాడు సరైన పొడవుకి తనే మళ్లీ అతుక్కుంటుంది. కట్టు మీద చిన్న రక్తపు మరక కనిపించడం మామూలే, మరక పెరుగుతూ పోతే ఫోను చెయ్యండి. ఇది వద్దని ఇంట్లో ఎవరు అడ్డుపడ్డా ఒప్పించండి. దీన్ని తప్పిస్తే ముందు వేసిన కట్లన్నీ వృథా.

ఈ వారం మొదలుపెడితే బాబుకి మూడు నెలలు నిండే వేళకి చివరి కట్టు విప్పుతారు. పాదం తిన్నగా, చక్కగా ఉంటుంది. ఇంటిల్లిపాదీ ఇక అయిపోయింది అనుకునేది ఆ రోజే. కష్టం అక్కడ మొదలవుతుంది, అందుకే దాని గురించి కూడా వివరంగా చెప్తాం.

పాదాన్ని మెలితిప్పిన ఆ గుణం కట్లతో పోదు, పిల్లాడు ఎదిగే మొదటి నాలుగేళ్లూ లోపలికి లాగుతూనే ఉంటుంది. దాన్ని ఆపేది ఇనుప కడ్డీకి బిగించిన జత బూట్లు, బ్రేస్ అంటారు. మొదటి 3 నెలలు రోజుకి 23 గంటలు, స్నానానికి ఒక్క గంట విరామం. తర్వాత రాత్రి నిద్రకి, పగటి కునుకుకి కలిపి 12 నుంచి 14 గంటలు, నాలుగేళ్లు నిండే దాకా. కొందరు డాక్టర్లు ఐదంటారు. పాదం మళ్లీ తిరగబెట్టడానికి మొదటి కారణం కట్టు లోపం కాదు, బూట్లు మానెయ్యడం. మూడో కట్టు వేసే వారంలోనే బూట్ల మాట ఎత్తండి. చివరి కట్టు విప్పిన రోజున బూట్లు చేతిలో ఉండాలి. వచ్చే వారం వస్తాయి అంటే, అవి వచ్చేదాకా కట్టే ఉంచమనండి.

కుడి పాదం ఒక్కటే వంకర అయినా బూట్లు రెండు కాళ్లకీ తొడగాలి. కడ్డీకి రెండో కొస పట్టుకునే కాలు లేకపోతే కుడి పాదం బయటికి తిరిగి నిలవదు. కుడి బూటు 60 నుంచి 70 డిగ్రీలు, ఎడమది 30 నుంచి 40 డిగ్రీలు బయటికి. రెండు మడమల మధ్య దూరం బాబు భుజాల వెడల్పంత. ఎదుగుతుంటే మార్పించాలి, వేళ్లు బూటు కొస దాటి వంగుతుంటే బూటే మార్చాలి. బూట్లు బయటికి తిరిగి ఉన్నాయని, కాళ్లు వెడంగా ఉన్నాయని చూసి ఎవరైనా తిన్నగా బిగించబోతే ఒప్పుకోవద్దు.

తొడగడం చెయ్యి తిరిగిన పని. పల్చటి నూలు మేజోడు వేసి, ముందు కుడి పాదం. మోకాలు వంచి, మడమని కిందికి, వెనక్కి నొక్కి పట్టి, ముందు మధ్య పట్టీ బిగించాలి, ఆ తర్వాతే తాడు. మేజోడు మీద వేళ్ల కొసలు పెన్నుతో గుర్తు పెట్టుకుంటే, వేళ్లు ముందుకీ వెనక్కీ కదులుతున్నాయా అన్నది తెలుస్తుంది. చాలా బూట్లకి మడమ దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది, అందులోంచి మడమ కిందికి ఆనిందో లేదో చూడొచ్చు. ఆనకపోతే పాదం లోపల జారుతూ ఉంటుంది.

ఇంట్లో అందరూ తలకిందులుగా అర్థం చేసుకునేది ఇక్కడే. మడమ వెనక బొబ్బ కనిపిస్తే బూటు బిగుతయ్యిందని పట్టీ వదులు చేస్తారు. బొబ్బ పడేది వదులుగా ఉన్నందుకు, పాదం పైకీ కిందికీ రాసుకుని. ఇంకో గడి బిగించాలి. ఎర్రబడ్డ చోట నూనె, క్రీము రాయొద్దు, చర్మం ఇంకా మెత్తబడి ఊడుతుంది. పుండు పడితే మీ అంతట మీరు బూట్లు మానకుండా డాక్టరుకి చూపించండి.

మొదటి రెండు మూడు రాత్రులు ఏడుస్తాడు. కాళ్లు విడివిడిగా తన్నుకునే వీలు పోయింది, ఆ ఉక్రోషం. కడ్డీ పట్టుకుని రెండు మోకాళ్లూ కలిపి వంచుతూ చాపుతూ ఆడించండి, రెండు కాళ్లూ ఒక్కసారే తన్నడం నేర్చుకుంటాడు, ఆ తర్వాత ఏడుపు ఆగుతుంది. ఏడుపు చూడలేక ఒక రాత్రి తీసేస్తే, ఏడిస్తే తీస్తారని రెండో రాత్రికి నేర్చుకుంటాడు. కడ్డీకి పాత లుంగీ గుడ్డ చుట్టండి, మీకూ బాబుకీ తగలదు. ఇరుకు చీర ఉయ్యాలలో కడ్డీ బట్టకి అడ్డం తిరుగుతుంది, ఈ నెలలు చాప మీద పడుకోబెట్టండి. చంకనెత్తుకోవడానికి మాత్రం వెడంగా ఉన్న కాళ్లు బాగానే కుదురుతాయి.

రాత్రి బూట్ల వల్ల నడక ఆలస్యం కాదు. పగలు ఉత్త కాళ్లతో తిరగనివ్వండి. నడక వచ్చాక మీరు చూసుకునే పరీక్ష ఒకటుంది. బాబు ఆటలో గొంతుక్కూర్చున్నప్పుడు రెండు మడమలూ నేలకి ఆనుతున్నాయా? కుడి మడమ లేస్తున్నా, చెప్పు బయటి అంచే అరుగుతున్నా, పాదం కొస లోపలికి తిరుగుతున్నా తిరగబెడుతోందన్నమాట. అప్పుడు కూడా భయం లేదు, రెండు మూడు కట్లు మళ్లీ వేసి బూట్లకి వస్తారు. రెండున్నర, మూడేళ్లు దాటాక అడుగు వేసేటప్పుడు పాదం లోపలికి తిప్పుతుంటే, ముందున్న ఒక కండర తాడుని పాదం మధ్యకి మార్చే ఆపరేషను చేస్తారు. పాదం బాగున్నా సరే, మూడు నాలుగు నెలలకోసారి చూపించడం మానొద్దు. కుడి పిక్క కాస్త సన్నగా, కుడి పాదం కాస్త చిన్నగా ఎప్పటికీ ఉంటాయి. అది చికిత్స లోపం కాదు, ఈ వంకరతో పాటు వచ్చేదే.

గ్రహణం సంగతి. ఇది ఎందుకు వస్తుందో చాలామంది పిల్లల్లో కారణం తెలియదు, కొంత వంశంలో ఉంటుంది. కత్తిపీట ముందు కూర్చున్నందుకు రాదు. గ్రహణం ఎన్నడూ చూడని తల్లులకీ ఇలాంటి పిల్లలు పుడతారు. అయినా ఆవిడతో వాదించి గెలవాలని చూడకండి, నాలుగేళ్లు ఆవిడ చెయ్యి మీకు కావాలి. వేళ్ల కాపలా ఆవిడకి అప్పగించండి, బొటనవేలు నొక్కి రంగు చూడటం మీ కంటే శ్రద్ధగా చేస్తారు. పురుడు తీరకుండా గడప దాటించనంటే, పిల్లాడికి కామెర్లొస్తే ఆగుతామా అని ఒక్కమాట అడిగి, మొదటి కట్టుకి ఆవిడనీ వెంట తీసుకెళ్లండి. డాక్టరు చెయ్యి ఎలా తిప్పుతుందో కళ్లారా చూస్తే మర్దనా మాట ఎత్తరు. మీ అన్నయ్యకి ప్రయాణాల లెక్క ఇవ్వండి, ఏ రోజు ఎవరు వెంట వస్తారన్నది. బస్సులో వెనక చక్రాల మీది సీటు వద్దు, పొట్ట మీద చిన్న దిండు పట్టుకోండి, బాబుని ఎక్కించేది దించేది వెంట వచ్చినవాళ్లే.

ఇంకో బిడ్డకి వస్తుందా అని మీరు అడగలేదు గానీ ఇంట్లో అడుగుతారు. నూటికి మూడు నాలుగు. భయపడి ఆగాల్సినంత కాదు. ఈసారి స్కానులో డాక్టరుకి ముందే చెప్పండి.

ఆయనకి ప్రతి కట్టు మార్చే రోజు, కట్టు లేకుండా ఉన్న ఆ పది నిమిషాల్లో పాదం ఫొటో ఒకటి, ఒకే వైపు నుంచి తీసి పంపండి. మీరే తేల్చుకోండి అన్న మనిషి నాలుగో ఫొటోకల్లా ఈ వారం వెళ్లారా అని తనే అడుగుతారు. వేట ముగిసి ఇంటికి వచ్చేసరికి బాబు బూట్లలో ఉంటాడు. వచ్చిన మొదటి రాత్రే ఆయన చేత తొడిగించండి. ముందు మధ్య పట్టీ, తర్వాత తాడు. మడమ దగ్గర రంధ్రంలోంచి చూడటం మరిచిపోవద్దని చెప్పండి.